ఖాళీ పరీక్షలో వెలిగిన బల్బు

ఇంజనీరింగ్ మూడో ఏడు పరీక్షలు రాసేసి, పెట్టె సర్దుకుని గుడివాడ రైలెక్కాలనుకుంటున్న రోజున మా ఎలక్ట్రానిక్స్ విభాగం గోడ మీద ఒక నోటీసు కనిపించింది. వేసవి సెలవుల్లో ఇద్దరు విద్యార్థులను బయోమెడికల్ ల్యాబులో పరిశోధనకు తీసుకుంటారట. అప్పటిదాకా ఆ ల్యాబు పీహెచ్‌డీ వాళ్ళ రాజ్యం. మేము వరండాలోంచి వెళ్తూ అద్దాల కిటికీలోంచి తొంగి చూడడమే తప్ప, లోపలికి అడుగుపెట్టిన డిగ్రీ విద్యార్థి లేడు. బయోమెడికల్ అన్న మాటే మాలో సగం మందికి కొత్త. "కప్పల్ని కోయాలేమోనే, జాగ్రత్త" అంది నా హాస్టల్ గది స్నేహితురాలు.

ఇంటర్వ్యూలో ప్రొఫెసరుగారు మార్కులడగలేదు. బల్ల మీద ఒక పాత రేడియో పెట్టి స్విచ్చి వేశారు. పాటకంటే రొద ఎక్కువగా వస్తోంది. "ఈ రొద ఎక్కణ్ణించి?" అన్నారు.

"తెలీదు సార్" అన్నాను. "ముందు ప్లగ్గు పీకేసి బ్యాటరీ మీద పెట్టి చూస్తాను. అప్పుడూ వస్తే రేడియోలో ఉన్నట్టు. ఆగిపోతే గోడలోంచి వస్తున్నట్టు."

ఆయన నవ్వి, కూర్చోమన్నారు. ఆ వేసవికి నన్నూ, బందరు నుంచి వచ్చిన ఒక సాయిబుల అబ్బాయినీ తీసుకున్నారు. అతను నా క్లాసే అయినా మూడేళ్ళలో మేము మాట్లాడుకున్నది లేదు. ల్యాబులో పక్కపక్కన కూర్చుని సోల్డరింగ్ చేస్తున్నప్పుడు కూడా ఒకరినొకరం 'మీరు' అనే అనుకునేవాళ్ళం. వాళ్ళ నాన్నగారికి రోల్డుగోల్డు నగలు చేసే పని ఉండడం వల్లనేమో, అతని చేతిలో సన్నని తీగలు మాట వినేవి.

మేము చేసింది వినికిడి కొలిచే పెట్టె. దానికి ఒక డయలు, ఒక నాబ్. నాబ్ తిప్పితే బొంగురు గొంతు నుంచి ఈల దాకా రకరకాల స్వరాలు పుడతాయి. ఎదుటి మనిషికి హెడ్‌ఫోన్లు పెట్టి, చేతికి ఒక మీట ఇస్తాం. స్వరం వినపడగానే మీట నొక్కితే మా వైపు చిన్న బల్బు వెలుగుతుంది. మధ్య మధ్యలో మేము ఏ స్వరమూ పంపకుండా ఊరుకోవాలి. దాన్ని ప్రొఫెసరుగారు ఖాళీ పరీక్ష అనేవారు. "ఖాళీలో కూడా నొక్కుతున్నాడంటే వాడు మనల్ని సంతోషపెట్టడానికి నొక్కుతున్నాడని అర్థం. వాడి లెక్క తీసి పక్కన పడేయండి" అనేవారు.

ఈ పెట్టె ఎందుకో రెండో వారంలో చెప్పారు. ఉప్పెన వచ్చి ఏడాది దాటింది. దివిసీమలో సముద్రం పక్క ఊళ్ళలో బతికి బయటపడినవాళ్ళకి చెవుల జబ్బులు ఎక్కువగా ఉన్నాయని అక్కడికి వెళ్ళొచ్చిన డాక్టర్లు చెప్పారట. బురదనీళ్ళు చెవుల్లోకి పోయి, చీము పట్టి, కర్ణభేరులకు చిల్లులు పడ్డాయి. ఎవరికి ఎంత వినికిడి పోయిందో కొలిస్తే ఎందరికి మందులు కావాలో, ఎందరికి చెవి మిషన్లు కావాలో తెలుస్తుంది. అదీ మా పని.

"నిన్ను తీసుకోవడానికి నువ్వు ఆడపిల్లవి కావడం కూడా ఒక కారణం. అక్కడి ఆడవాళ్ళు మగవాళ్ళని తల మీద చెయ్యి వెయ్యనివ్వరు. బాధపడుతున్నావా?" అన్నారు.

"లేదు సార్" అన్నాను. కొంచెం బాధపడ్డాను.

గుడివాడలో నాన్నని ఒప్పించడం కష్టమైంది. ఆయన వ్యవసాయం మనిషి, నీళ్ళంటే భయం లేదు. అయినా వద్దన్నాడు. "ఆ ఊళ్ళకెందుకమ్మా? అక్కడి మట్టిలో ఇంకా..." అని ఆపేశాడు. ఉప్పెన వచ్చిన వారంలో బియ్యం, పాత బట్టలు తీసుకుని ఎడ్లబండ్ల మీద వెళ్ళినవాళ్ళలో ఆయనొకడు. తిరిగొచ్చాక అక్కడ ఏం చూశాడో మాకెప్పుడూ చెప్పలేదు. చివరికి ప్రొఫెసరుగారే మా ఇంటికొచ్చి, నన్ను మేం వెళ్ళబోయే ఊళ్ళో ఆసుపత్రి నర్సమ్మగారింట్లో ఉంచుతానని మాటిచ్చాక సరే అన్నాడు.

పోలిక కోసమని ముందు గుడివాడలో, మా వీధి చివరి బడిలో కొంతమందిని పరీక్షించాం. అంతా సాఫీగా సాగింది. ఖాళీ పరీక్షలో ఒకరిద్దరు తొందరపాటు మనుషులు తప్ప ఎవరూ మీట నొక్కలేదు. తర్వాత ప్రొఫెసరుగారితో కలిసి ముగ్గురం బందరు చేరి, ఆ అబ్బాయి ఇంట్లో భోజనం చేసి, చల్లపల్లి మీదుగా అవనిగడ్డ బస్సెక్కాం. వాళ్ళమ్మగారు బస్సు దాకా వచ్చి, కొడుక్కి కాకుండా నాకు చెప్పారు, "సముద్రం ఒడ్డుకి పోనివ్వకమ్మా వాణ్ణి" అని.

అవనిగడ్డ దాటేదాకా లోకం మామూలుగానే ఉంది. ఆ తర్వాత పొలాల మీద తెల్లగా ఉప్పు పేరుకుని కనిపించింది. తాటిచెట్లలో కొన్నింటికి తలల్లేవు. నిలబడినవి కూడా అన్నీ ఒకే వైపుకి ఒరిగి ఉన్నాయి, ఎవరో పిలిస్తే అందరూ ఒకేసారి చెవి ఒగ్గినట్టు. ఊళ్ళోకి వెళ్ళాక ఏదో తేడాగా అనిపించింది కానీ అదేమిటో వెంటనే పోల్చుకోలేకపోయాను. సాయంత్రం నర్సమ్మగారి అరుగు మీద కూర్చుని వీధి చూస్తుంటే తెలిసింది. చంకల్లో పసిపిల్లలున్నారు. పెళ్ళీడు పిల్లలున్నారు. మధ్యలో, వీధిలో గోల చేసే వయసు పిల్లలు దాదాపుగా లేరు.

ఆ ఊరికి కొత్తగా తుఫాను షెల్టరు కట్టారు. ఎత్తు స్తంభాల మీద సిమెంటు మేడ. గోడలింకా సున్నం వాసన వస్తున్నాయి. పైన ఒక చిన్న గదిలో గోడలకి బొంతలు వేలాడదీసి, కిటికీలకి గోనెసంచులు కుక్కి, ఆడవాళ్ళని నేనూ, మగవాళ్ళని అతనూ వంతులవారీగా పరీక్షించడం మొదలుపెట్టాం. కరెంటు రాకపోకల గొడవ లేకుండా పెట్టెను బ్యాటరీ మీదే నడిపేవాళ్ళం.

మొదటిరోజు పొద్దున్నే ఒక ముసలావిడ ఖాళీ పరీక్షలో మీట నొక్కింది. పోన్లే అనుకున్నాను. తర్వాతి ఆవిడా నొక్కింది. ఆ తర్వాత ఆవిడ కూడా. స్వరాలు పంపినప్పుడు తడబడేవాళ్ళు, పంపనప్పుడు మాత్రం తడుముకోకుండా నొక్కుతున్నారు. పైగా టక్కున నొక్కి వదిలెయ్యడం లేదు. నొక్కిపట్టి ఉంచుతున్నారు. నా ముందున్న బల్బు వెలిగి, అలాగే ఉండిపోయేది. ఏ తీగలోనూ ఏమీ లేదు. గదిలో మా ఊపిరి తప్ప చప్పుడు లేదు. ఆ చిన్న ఎర్రని వెలుగు ఆరేదాకా నేను నాబ్ ముట్టుకునేదాన్ని కాదు.

మధ్యాహ్నం బందరు అబ్బాయి మెట్ల మీద కలిశాడు. "మీ దగ్గర ఖాళీలు ఎలా ఉన్నాయండీ?" అన్నాడు నెమ్మదిగా. అతని దగ్గరా అంతే.

పెట్టెలో లోపమేమోనని విప్పి మళ్ళీ బిగించాం. తీగలు మార్చాం. నేను హెడ్‌ఫోన్లు పెట్టుకుని చాలాసేపు కూర్చున్నాను. నాకు వినపడింది నా నెత్తురు పారుతున్న చప్పుడే. ప్రొఫెసరుగారు కూడా విన్నారు. ఏమీ లేదు.

"చెవి దెబ్బతింటే హోరు వస్తుంది. అది మామూలే. దానికి మనమేం బెంగపడక్కర్లేదు" అన్నారాయన.

మర్నాడు నా ఈడు అమ్మాయొకతి వచ్చింది. సన్నగా, నల్లగా, నుదుటి మీద ముళ్ళు గీరిన మచ్చలతో ఉంది. ఉప్పెనలో కొట్టుకుపోయి తుమ్మచెట్టులో చిక్కుకుని బతికిందని, చంకలోని కూతురు జారిపోయిందని నర్సమ్మగారు ముందే చెప్పారు. ఇంకో సంగతి కూడా చెప్పారు. ఆ అమ్మాయి చెవుల్లో ఏదో శబ్దం వస్తోందని అంటుంటే, అత్తగారు దెయ్యం పట్టిందనుకుని భూతవైద్యుడి దగ్గరికి తీసుకెళ్ళి వేపమండలతో కొట్టించిందట.

ఖాళీ పరీక్ష రాగానే ఆ అమ్మాయి కూడా మీట నొక్కిపట్టింది. నేను హెడ్‌ఫోన్లు తీశాను.

"ఏం వినపడింది?"

"మీకు తెలీదా? మీరేగా పెట్టింది?"

"నేనేం పెట్టలేదు."

ఆమె హెడ్‌ఫోన్లు అందుకుని తిప్పి చూసింది. "నేనింకా మీ మిషన్లో కూడా అదే పెట్టారనుకున్నానండీ" అంది. "బయట మనుషులుంటారు, గేదెలుంటాయి, ఏదో ఒక సందడుంటది. ఇక్కడ మరీ నిశ్శబ్దంగా ఉంది కదా, తేటగా వినపడతంది."

"సముద్రం హోరులా ఉంటుందా?"

"సముద్రం కాదండీ. సముద్రానికి ముందొచ్చేది. ఆ రోజు గాలి కాసేపు ఆగింది. అంతా ఆగిపోయింది. అప్పుడొచ్చిందది. దూరంగా ఎవరో పెద్ద నీళ్ళ గాబులో నోరు పెట్టి ఊ అన్నట్టు. అదేంటా అని వింటా నిలబడ్డాం. వినకుండా పరిగెత్తిపోయుంటే..." అని చేతిలో మీట తిప్పుకుంటూ కూర్చుంది.

నాకో ఆలోచన వచ్చింది. నాబ్ ఆమె చేతికిచ్చాను. "ఇది తిప్పితే గొంతు మారుతుంది. నీ చెవిలో ఉన్నదానిలాంటిది వచ్చినప్పుడు ఆపు" అన్నాను. ఆమె ఈల నుంచి మొదలుపెట్టి మెల్లగా కిందికి, కిందికి తిప్పుకుంటూ పోయి, బాగా అడుగున ఒకచోట చెయ్యి ఆపేసింది. కళ్ళు మూసుకుంది. డయలు మీద ఆ చోట పెన్సిలుతో చిన్న గీత పెట్టాను.

తర్వాత వచ్చిన పెద్దావిడకీ నాబ్ ఇచ్చాను. ఆవిడ ముందుకీ వెనక్కీ చాలాసేపు తిప్పి, ఆ గీత పక్కనే ఆపింది. మూడో ఆవిడా అక్కడే.

ప్రొఫెసరుగారు నమ్మలేదు. గీత వాళ్ళకి కనిపిస్తోందేమో అన్నారు. డయలు మీద తువ్వాలు కప్పాం. నా మొహంలో ఏదో తెలిసిపోతోందేమో అన్నారు. నేను గోడవైపు తిరిగి కూర్చున్నాను. తిప్పడం ఒకసారి పైనుంచి, ఒకసారి కిందనుంచి మొదలుపెట్టించాం. మగవాళ్ళ చేత ఆయనే తిప్పించారు. ఎవరు తిప్పినా తువ్వాలు తీసి చూస్తే డయలు ముల్లు ఆ గీతకి వేలి వెడల్పు లోపే ఉండేది. ఒకరి చెవుల్లో చీము, ఒకరి చెవులు శుభ్రం, ఒకరికి సగం చెవుడు. ఆ స్వరం మాత్రం అందరిదీ ఒకటే.

"చెవుల హోరు మనిషికో రకంగా ఉండాలి. ఊరంతటికీ ఒకటే ఉండదు" అన్నారు ప్రొఫెసరుగారు. ఆ మాటన్నప్పుడు ఆయన గొంతు తగ్గింది.

విచిత్రమేమిటంటే, గదిలో నాబ్ తిప్పినవాళ్ళెవరూ బయటికెళ్ళి ఆ సంగతి ఎత్తడంలేదు. నేనే ఒకావిడని అడిగాను, ఇంట్లో ఎవరికైనా చెప్పారా అని. "చెప్తే ఏమవుద్దో చూశాంగా" అని తుమ్మచెట్టు అమ్మాయి ఇంటివైపు చూసింది. ఆవిడ ఎవరో కాదు, ఆ అమ్మాయి పిన్ని.

ఆ అమ్మాయి మళ్ళీ వచ్చి నా చెయ్యి పట్టుకుంది. "అది మీ పెట్టెలోంచి బయటికి రప్పించొచ్చా అండీ? అందరికీ వినపడేలాగ?"

"ఎందుకు?"

"మా అత్తకి వినిపించండి. ఒక్కసారి. నాకు పిచ్చి లేదని తెలుసుద్ది."

నేను ప్రొఫెసరుగారిని అడిగాను. ఆయన ఒప్పుకోవడానికి కారణం కుతూహలమో, ఆ అమ్మాయి వీపు మీది దెబ్బల సంగతి విని జాలిపడడమో నాకు తెలియదు. రెండూ అయ్యుండొచ్చు. పెట్టెలోంచి ఒక శబ్దం వినిపిస్తామని ఊరి పెద్దల్ని అడిగితే నవ్వారు. "పెట్టండి బాబూ, మాకు మాత్రం కాలక్షేపం ఎక్కడుంది" అన్నారు.

అప్పుడు ఎండ దిగుతోంది. షెల్టరు కింద నీడలో ఊళ్ళో చాలామంది చేరారు. ఆడవాళ్ళు ఎండుచేపలు ఏరుతున్నారు. ఒక ముసలాయన వల బాగుచేసుకుంటున్నాడు. అత్తగారు స్తంభానికి ఆనుకుని, కోడలికి కాస్త ఎడంగా కూర్చుంది. బందరు అబ్బాయి స్పీకరు తెచ్చి మెట్ల మీద పెట్టి, పక్కకెళ్ళి నిలబడ్డాడు. నేను పెట్టె దగ్గర ఉన్నాను. ప్రొఫెసరుగారు డయలును గీత దగ్గర ఉంచి, శబ్దాన్ని అడుగునుంచి మెల్లగా పెంచారు.

ముందు ఎవరికీ వినపడినట్టు లేదు. మాటలు సాగుతూనే ఉన్నాయి. నాకు చెవికంటే ముందు అరికాళ్ళకి తెలిసింది, సిమెంటు సన్నగా వణుకుతోందని. తర్వాత మాటలు ఆగడం మొదలైంది. ఒక పక్కనుంచి మరో పక్కకి, దీపాలు ఆర్పుకుంటూ వచ్చినట్టు, వరసగా ఆగిపోయాయి. వల ముసలాయన చేతులు గాలిలో నిలిచిపోయాయి.

అందరూ లేచారు. ఎవరూ అరవలేదు, ఎవరూ పరిగెత్తలేదు. ఆడవాళ్ళు దగ్గరున్న పిల్లల్ని చంకనెత్తుకున్నారు. తమ పిల్లలా కాదా అని చూసుకోలేదు, చేతికందినవాళ్ళని ఎత్తుకున్నారు. ఎత్తుకుని సముద్రానికి వీపు పెట్టి, ఉత్తరాన ఉన్న కాలవగట్టు వైపు నడిచారు. ముసలివాళ్ళు, కొత్తగా కాపరానికొచ్చిన కోడళ్ళు, మా గదిలో మీట నొక్కనివాళ్ళు, అందరూ నడిచారు. వాళ్ళ నెత్తి మీదే షెల్టరు ఉంది. అది ఎక్కాలని ఒక్కరికీ తోచలేదు. ఉప్పెన రోజున అది లేదు కదా.

ప్రొఫెసరుగారు స్విచ్చి తీసేశారు. వాళ్ళు ఆగలేదు. పాదాల చప్పుడు మాత్రం మెత్తగా దూరమవుతోంది. ఎండుచేపల మీద కాకులు వాలాయి. ప్రొఫెసరుగారు "వెళ్ళు, వెళ్ళు, వాళ్ళతో ఉండు" అన్నారు నాతో. నేను పరిగెత్తాను.

గట్టు ఎక్కి అందరూ వెనక్కి తిరిగి, సముద్రం వైపు చూస్తూ నిలబడి ఉన్నారు. దగ్గరికెళ్ళి ఒకావిడని తట్టాను. నావైపు చూసింది కానీ నన్ను చూడలేదు. ఆ వరసలో, చివరన, మా బందరు అబ్బాయి ఉన్నాడు. అతని భుజం మీద ఒక చంటిపిల్ల.

అప్పుడే ఆ పిల్ల ఏడ్చింది. ఏడుపుతో అందరూ ఒక్కసారి కదిలారు. ఎవరిదో గాజుల చప్పుడు, ఎవరిదో దగ్గు. వల ముసలాయన చుట్టూ చూసి, సిగ్గుగా నవ్వి, "ఇక్కడికెందుకొచ్చాంరా?" అన్నాడు. ఆడవాళ్ళు మాటా పలుకూ లేకుండా చంకల్లోని పిల్లల్ని మార్చుకోవడం మొదలుపెట్టారు. చేతులు మారి మారి ఒక్కొక్కళ్ళూ తమ తల్లుల దగ్గరికి చేరారు. కొంతమంది చేతులు ఖాళీగా మిగిలాయి.

అత్తగారు కోడలి మణికట్టు పట్టుకుని ఉంది. నడకలో ఎప్పుడు పట్టుకుందో మరి.

"ఇదేనటే నువ్వు చెప్పేది?" అంది.

"ఇదేనత్తా."

"నాకు రోజూ వస్తదే ఇది" అంది అత్తగారు, చెయ్యి వదలకుండా. "నాకొక్కదానికే అనుకున్నా."

బందరు అబ్బాయి నా దగ్గరికొచ్చాడు. "ఎవరి పిల్లండీ ఇది?" అని నన్నడిగాడు. పిల్ల తల్లి వచ్చి తీసుకుంది. అతని చేతులు ఇంకా ఎత్తుకున్నట్టే మడిచి ఉన్నాయి. "ఆ రోజు నేను బందర్లో, ఇంట్లో ఉన్నానండీ. పెంకులెగిరిపోయాయంతే. మా వీధిలోకి నీళ్ళే రాలేదు. మరి నేనెందుకు నడిచాను?" అన్నాడు.

తెలియదన్నాను. ఇప్పటికీ తెలియదు.

మర్నాడు పొద్దున ప్రొఫెసరుగారు ఊరివాళ్ళకి చేతులు జోడించి క్షమించమన్నారు. ఆ శబ్దం ఇంకెప్పుడూ పెట్టొద్దన్నారు వాళ్ళు, అంతే. కోపగించుకోలేదు. ఇంకా పరీక్ష కానివాళ్ళు మామూలుగా వచ్చి చేయించుకున్నారు. ఖాళీ పరీక్షలు మానేశాం. అయితే ఊళ్ళో ఒక మార్పు వచ్చింది. అరుగుల మీద ఆడవాళ్ళు దాని గురించి పైకి మాట్లాడుకోసాగారు, నీకు ఎప్పుడొస్తది, నాకు పొద్దుగూకేటప్పుడు ఎక్కువ అని, మోకాళ్ళ నొప్పుల గురించి చెప్పుకున్నట్టు.

ల్యాబుకి తిరిగొచ్చాక నివేదికలో చెవుల చిల్లులు, వినికిడి లోపం, మందులు, మిషన్ల సంగతే రాశాం. "మిగతాది?" అని అడిగాను. "ఏమని రాద్దాం? నువ్వే చెప్పు" అన్నారు. నేను ఎన్నో రకాలుగా మొదలుపెట్టి చూశాను. ఏ వాక్యమూ నిలబడలేదు. బందరు అబ్బాయి చివరి ఏడాది ఆ ల్యాబులోకి రాలేదు. విద్యుత్తు యంత్రాల వైపు మారిపోయాడు. నేను మాత్రం చెవులనే పట్టుకుని ఉండిపోయాను. అదే నా ఉద్యోగమైంది.

మా నివేదిక వల్ల ఆ చలికాలం బందర్లో చెవి డాక్టర్ల శిబిరం పెట్టారు. పెట్టె చూసుకోవడానికి నేనూ వెళ్ళాను. దివిసీమ బస్సులో అత్తాకోడళ్ళిద్దరూ కలిసొచ్చారు. కోడలికి ఎడమ చెవికి మందు వేసి దూది పెట్టారు. ఆమె మొహం కాస్త తేరుకుంది. మళ్ళీ కడుపుతో ఉంది.

"శబ్దం తగ్గిందా?" అన్నాను పక్కకి పిలిచి.

"లేదండీ. వస్తానే ఉంది" అంది. "వచ్చినప్పుడు మా అత్త వైపు చూస్తా. ఆవిడా నా వైపు చూసుద్ది. అది పోయేదాకా ఇద్దరం పనాపి కూర్చుంటాం."

అత్తగారు బయట అరటిపళ్ళు బేరమాడుతోంది. కోడలిని కేకేసి, బస్సు వెళ్ళిపోతుందని తొందరపెట్టింది.